‘అదేవిధంగా’ అన్న మాట దగ్గర

గణితం రాసేవాళ్లకు ‘అదేవిధంగా’ అన్న మాట మహా సౌకర్యం. ఒక వైపు నిరూపణ పూర్తిచేసి, రెండో వైపుకు వచ్చేసరికి ‘అదేవిధంగా’ అని ఒక్క ముక్క రాసి పేజీ తిప్పేయొచ్చు. ఉద్యోగం చేసినన్నాళ్లూ విద్యార్థుల రాతల్లో ఆ మాట చూస్తూనే ఉన్నాను. నేనూ బోర్డు మీద లెక్కలేనన్నిసార్లు రాశాను. చాలావరకు అది నిజమే అవుతుంది. అందుకే దాని దగ్గర ఎవరూ ఆగరు. ఒకసారి ఒక మనిషి ఆగింది. ఆమె గురించి చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. ఇప్పుడు పరిశోధనల్లో చేరుతున్న పిల్లల కోసం రాస్తున్నాను గానీ, మిగతావాళ్లూ నిక్షేపంగా చదవొచ్చు. లెక్కలు పెద్దగా రానక్కర్లేదు.

నేను మొదట ఆదిలాబాద్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్‌ని. తర్వాత కరీంనగర్‌లో విశ్వవిద్యాలయానికి వచ్చి అక్కడే రిటైరయ్యాను. మా గణిత విభాగం చిన్నది. పాఠాలు చెప్పేవాళ్లు తక్కువ, చెప్పాల్సిన పాఠాలు ఎక్కువ. నా పక్క గదిలో నాకంటే చిన్నవాడైన ఒక సహోద్యోగి ఉండేవాడు. హుస్నాబాద్ దగ్గరి వ్యవసాయ కుటుంబం. లెక్కలు బాగా చెప్పేవాడు, అంతకంటే బాగా ఫైళ్లు కదిలించేవాడు. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగిపోయిందో, ఎవరిని పలకరిస్తే అది లేచి నడుస్తుందో ఆయనకు తెలుసు. పరిశోధక విద్యార్థులు సందేహాలకు నా దగ్గరికి, సంతకాలకు ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. ఎవరి దగ్గర రద్దీ ఎక్కువుండేదో చెప్పక్కర్లేదనుకుంటాను.

పీహెచ్‌డీ ప్రవేశానికి ఇంటర్వ్యూలు చేస్తున్న రోజు ఆమె వచ్చింది. మంచిర్యాల వైపు ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్. పుట్టి పెరిగిందంతా గోదావరిఖనిలో, బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో. తండ్రి గనిలో దిగేవాడు. తల్లి క్వార్టర్లలో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది.

“ఏ టాపిక్ అనుకుంటున్నవమ్మా?” అని అడిగాడు మా సహోద్యోగి.

“పరిమిత ప్రక్షేపక తలాలు సార్. వాటి సౌష్ఠవాలు.”

“అబ్బో. పేరు వింటేనే జ్వరమొచ్చేటట్టుంది. నేను లెక్కల మాస్టర్నని మర్చిపోయి, మామూలు మనిషికి చెప్పినట్టు చెప్పు.”

ఆమె తడబడలేదు.

“మా క్వార్టర్లల్ల వినాయకుని పండుగకు కమిటీలు వేస్తరు సార్. ఏడుగురు మనుషులు, ఏడు కమిటీలు అనుకోండ్రి. ఒక్కో కమిటీల ముగ్గురు. ఏ ఇద్దర్ని పట్టుకున్నా, వాళ్లు కలిసి ఉండే కమిటీ ఒక్కటే ఉంటది. ఏ రెండు కమిటీలు చూసినా, రెండిట్ల ఉండే మనిషి ఒక్కడే ఉంటడు. గంతే. మనుషులేమో బిందువులు, కమిటీలేమో రేఖలు.”

“మరి సౌష్ఠవం?”

“మనుషుల్ని అటోళ్లను ఇటు, ఇటోళ్లను అటు మార్చాలె సార్. మార్చినా కమిటీల లెక్క చెడొద్దు. పండుగ చూడనీకి వచ్చినోళ్లకు ఏమన్న మారిందని అనుమానమే రావొద్దు.”

మా సహోద్యోగి నా వైపు చూశాడు. నేను ఆమె వైపు చూస్తున్నాను.

ఆమె సంచిలోంచి ఒక గుడ్డ తీసి బల్ల మీద పరిచింది. జాకెట్టు గుడ్డ. ఎడమ పక్క వరసగా ఏడు తెల్ల గుండీలు, కుడి పక్క ఏడు నల్ల గుండీలు కుట్టి ఉన్నాయి. ఏ మనిషి ఏ కమిటీలో ఉంటే ఆ తెల్ల గుండీ నుంచి ఆ నల్ల గుండీకి దారం. గణితంలో దీన్నే గ్రాఫ్ అంటాం. కాగితం మీద ఈ తలాన్ని తిన్నని గీతలతో గీయడం కుదరదు, ఎక్కడో ఒక గీత వంకర తిరగాల్సిందే. గ్రాఫ్‌గా మార్చితే వంకరల గొడవ పోతుంది. ఎవరికి ఎవరితో సంబంధం అన్నదొక్కటే మిగులుతుంది. ఆమె గుడ్డను పట్టుకుని ఎడమ కుడి అయ్యేలా తిప్పి మళ్లీ పరిచింది.

“ఇప్పుడు కమిటీలు మనుషులైనయ్, మనుషులు కమిటీలైండ్రు. దారాలను చూసి తేడా చెప్పుండ్రి సార్.”

చెప్పలేకపోయాం. చెప్పడానికి తేడా ఏమీ లేదు కూడా. ఆ రోజు మిగతా అభ్యర్థుల్ని ఏం అడిగామో నాకు గుర్తులేదు.

నేనే ఆమెకు గైడ్‌నయ్యాను కాబట్టి, తర్వాతి సంవత్సరాల్లో ఆమె పని చేసిన తీరును దగ్గరనుంచి చూశాను. వారమంతా కాలేజీలో పాఠాలు చెప్పి, సెలవు దొరికితే బస్సెక్కి కరీంనగర్ వచ్చేది. వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెచ్చేది, ఊరికే మాత్రం రాలేదు. ఒకసారి కొత్త ప్రశ్న, ఒకసారి పాత సమాధానంలో కంత. మధ్యలో ఆమె బాపుకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆస్పత్రుల చుట్టూ తిరిగింది. ఆయన పోయాక కొన్నాళ్లు రాలేదు. అందుకోసం పరిశోధన గడువు ఒకసారి పొడిగించాల్సి వచ్చింది. అప్పుడు ఫైలు మోసింది మా సహోద్యోగే. మళ్లీ వచ్చిన రోజు ఆమె తండ్రి గురించి రెండు మాటలు చెప్పి, బల్ల మీద కాగితాలు పరిచి, “ఈ దారి బందయింది సార్, ఇంకో దిక్కు నుంచి పోదాం” అంది.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగిందేమిటో అర్థం కాదు.

ఇలాంటి తలాలు చిన్నవీ పెద్దవీ ఉన్నాయి. ఒక తలానికున్న సౌష్ఠవాలన్నింటినీ తీసుకుంటే, కొన్ని బిందువులు ఒకదాని చోటికి ఒకటి వెళ్లగలవు, కొన్ని వెళ్లలేవు. ఒకదాని చోటికి ఒకటి వెళ్లగలిగేవన్నీ కలిపి ఒక గుంపు అనుకోండి. రేఖల్లోనూ అలాగే గుంపులు ఏర్పడతాయి. బిందువుల వైపు ఎన్ని గుంపులుంటే రేఖల వైపూ అన్నే గుంపులుంటాయని పెద్దలు ఎప్పుడో నిరూపించారు. అందులో అనుమానం లేదు. ఆమె మూడో అధ్యాయంలోని సిద్ధాంతం దానికంటే ఇంకో అడుగు ముందుకు వేసింది. గుంపుల సంఖ్యే కాదు, వాటి పరిమాణాలు కూడా రెండు వైపులా సరిపోతాయని చెప్పింది. నిరూపణ పొడవైనది, అందమైనది. గ్రాఫ్‌లో బిందువుల వైపు నుంచి బయల్దేరి దారాల వెంట నడుస్తూ ఒక్కో గుంపునూ కొలుస్తుంది. ఆ కొలత ముగిసిన చోట ‘రేఖలకు కూడా అదేవిధంగా’ అని ఒక వాక్యం ఉంది.

నేను చదివాను, బాగుందన్నాను. వరంగల్‌లో జరిగిన ఒక సదస్సులో ఆమె దీన్ని చెప్పింది. విన్నవాళ్లూ బాగుందన్నారు. చిన్న తలాలన్నింటిలోనూ సరిచూశాం, సరిపోయింది. అసలు వాటిలో బిందువులన్నీ ఒకే గుంపు, రేఖలన్నీ ఒకే గుంపు. సరిపోక ఏం చేస్తుంది! ఒక్కో వైపు తొంభై ఒకటి ఉండే తలాల దగ్గరే అసలు కథ మొదలవుతుంది. అలాంటివి నాలుగున్నాయి. మొదటిదాంట్లో మళ్లీ ఒకే గుంపు. రెండోదాంట్లో బిందువులు పదమూడు, డెబ్బై ఎనిమిదిగా విడిపోయాయి. రేఖలూ పదమూడు, డెబ్బై ఎనిమిదే. అది చూసి మేమిద్దరం ఎంత పొంగిపోయామో! ఇక అనుమానం ఎవరికుంటుంది? మిగతా రెండూ థీసిస్ చివర అనుబంధంలో పట్టికలు పెట్టేటప్పుడు చూద్దాంలే అనుకున్నాం.

ఆ సదస్సులో ఆమె మాట విన్నవాళ్లలో ఆదిలాబాద్ కుర్రాడొకడున్నాడు. మహారాష్ట్రలో ఒక విశ్వవిద్యాలయంలో ఇదే రంగంలో పరిశోధన చేస్తున్నాడు. ఆమెను ‘తాయి’ అని పిలిచేవాడు. తాయి అంటే మరాఠీలో అక్క. ఆమె సిద్ధాంతం మీద ఆధారపడి తన థీసిస్‌లో ఒక అధ్యాయం కట్టుకుంటున్నానని ఫోన్ చేసి చెప్పాడు. ఆమె మురిసిపోతూ నాకు ఆ సంగతి చెప్పింది.

థీసిస్ సమర్పించే ముందు అందరి ఎదుటా ఒక సెమినార్ ఇవ్వాలి. ఆమె సెమినార్‌కు రోజు ఖాయమైంది. గడువు దగ్గర పడుతోంది, పైగా పర్మనెంట్ ఉద్యోగాలకు నోటిఫికేషన్ వస్తుందని అందరూ చెప్పుకుంటున్నారు. డాక్టరేట్ చేతిలో ఉన్నవాళ్లకే దారి. కాంట్రాక్టు లెక్చరర్ల బతుకు తెలిసినవాళ్లకు ఆ నోటిఫికేషన్ విలువ చెప్పనక్కర్లేదు.

ఇంకో వారంలో సెమినార్ అనగా ఒక సోమవారం ఉదయం ఫోన్ వచ్చింది.

“సార్, ఇంట్లనే ఉన్నరా? అవ్వా నేనూ వేములవాడ వచ్చినం. పొయ్యేటప్పుడు జర మీ ఇంటికి వస్తం.”

థీసిస్ పూర్తయితే వేములవాడ రాజన్న గుడిలో కోడెను కడతానని తల్లి మొక్కుకుందట. ఆ మొక్కు తీర్చుకుని వచ్చారు. తల్లి నుదుట బండారి పసుపు, చేతిలో ప్రసాదం, ముఖం వెలిగిపోతోంది. కూతురి ముఖం మాత్రం వేరేగా ఉంది. నా భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె గ్లాసు పట్టుకుని కూర్చుంది గానీ తాగలేదు.

“సార్, మూడో చాప్టర్ తప్పు.”

“ఏ పేజీలో?” అన్నాను, అచ్చుతప్పేమో అనుకుని.

“సిద్ధాంతమే తప్పు సార్.”

అనుబంధం కోసం మూడో తలాన్ని కంప్యూటర్‌కు ఎక్కించి, గ్రాఫ్ సౌష్ఠవాలు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ నడిపిందట. బిందువుల వైపు పది, ఎనభై ఒకటి వచ్చాయి. రేఖల వైపు ఒకటి, తొంభై. ఎక్కించడంలో తప్పు జరిగి ఉంటుందని అంతా చెరిపేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అవే అంకెలు. అప్పుడు కంప్యూటర్‌ను పక్కన పెట్టి నిరూపణ ముందేసుకుంది. ఒక్కో వాక్యానికీ ‘ఎందుకు’ అని అడుగుతూ వచ్చి ‘అదేవిధంగా’ దగ్గర ఆగింది. అక్కడ ‘ఎందుకు’కు జవాబు లేదు.

తల్లి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. “తప్పంటే ఎంత తప్పు బిడ్డా? దిద్దుకుంటే పోదా?”

“దిద్దేటిది కాదే అవ్వా. మొత్తం పోయింది.”

“ఇంతమంది పెద్ద పెద్ద సార్లు చూసిండ్రంటివి. ఎవ్వలకు కనబడనిది నీకే ఎందుకు కనబడ్డదే?”

తల్లి కోపంగా అన్నది కాదది. నిజంగానే అడిగింది. అడిగి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “రాజన్నకు చెప్పి వచ్చిన గదనే, మా బిడ్డ పని అయిపోయిందని.”

నేను మా సహోద్యోగికి ఫోన్ చేసి పిలిచాను. స్కూటర్ మీద వచ్చాడు. అంతా విని గోడకు చేరగిలబడ్డాడు.

“అమ్మా, నేను ఒక మాట చెప్తా, ఏమనుకోకు,” అన్నాడు. “సెమినార్‌ల ఎవలూ గంత లోపటికి పోరు. డిగ్రీ చేతికొచ్చినంక పేపర్‌ల దిద్దుకుందువు. ఉద్యోగం ముఖ్యం. ఇంట్ల నువ్వొక్కదానివే సంపాదించేది. ఇప్పుడు నోటిఫికేషన్ పోతే మళ్లెప్పుడొస్తదో ఆ దేవునికే ఎరుక.”

ఆయన్ని చెడ్డవాడనుకోకండి. ఆమె పనికోసం ఆయన అరిగించినన్ని చెప్పులు నేను అరిగించలేదు. ఆ మాట అన్నది కూడా ఆమె మీది ప్రేమతోనే.

తప్పని తెలిశాక నేను సంతకం పెట్టలేనన్నాను. అయితే ఇంకో దారి చూపించాను. ఒంట్లో బాగాలేదని సెమినార్ వాయిదా వేయిద్దాం, గొడవ లేకుండా అధ్యాయం తీసేద్దాం, ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఆదిలాబాద్ తమ్మునికి పొద్దుగాల్నే ఫోన్ చేసి చెప్పిన సార్. వాడు నా దాని మీద చాప్టర్ కట్టుకున్నడు గదా. యాడ తప్పిందో మొత్తం విన్నడు. తర్వాత ‘తాయి, మా గైడ్‌కు నేనేం చెప్పాలె?’ అన్నడు. మీ గైడ్‌తోని నేనే మాట్లాడుత అన్న. మాట్లాడిన. వాళ్లకు చెప్పి ఇక్కడ దాచుడెట్ల సార్? సదస్సుల అంతమంది ముంగట నిజమని చెప్పిన. అబద్ధమని కూడా నేనే చెప్పాలె.”

నాకు చెప్పకముందే, తల్లికి చెప్పకముందే, ఆమె ఆ కుర్రాడికి చెప్పింది. నష్టం ముందుగా ఎవరికి జరుగుతుందో చూసి వాళ్లకు మొదట చెప్పింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఆమె ఇంకా చాలా మాట్లాడింది గానీ, నేను ఆ ఒక్క విషయం గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

సెమినార్ రోజు ఎండ మండిపోతోంది. హాలు నిండింది. ఎందుకంటే నిపుణుడిగా హైదరాబాద్ నుంచి వస్తున్న పెద్ద ప్రొఫెసరంటే అందరికీ హడల్. రిటైరైనా పదును తగ్గని మనిషి. ఒక నిర్వచనంలో ఒక్క మాట తక్కువైందని ఒక విద్యార్థిని మొదటి స్లయిడ్ దగ్గరే కూర్చోబెట్టేశాడని పేరు. ఆమె తల్లి కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది.

ఆమె ప్రొజెక్టర్ ముట్టలేదు. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లింది.

“అందరికీ నమస్కారం. నా థీసిస్‌లో మూడో అధ్యాయం ప్రధానమైనది. అందులోని సిద్ధాంతం తప్పు. ఎందుకు తప్పో ఈ రోజు చెప్తాను.”

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీశాడు.

“అయితే మేమంతా దేనికొచ్చినట్టు?”

“తప్పు యాడుందో చూడనీకి సార్.” నోట్లోంచి ఇంటి మాట వచ్చేసింది. తర్వాత ఎక్కువగా ఆ భాషలోనే మాట్లాడింది. అందుకే అంత స్పష్టంగా చెప్పగలిగిందేమో.

బోర్డుకు ఎడమ పక్క రెండు సున్నాలు చుట్టి ‘10’, ‘81’ అని రాసింది. కుడి పక్క రెండు సున్నాల్లో ‘1’, ‘90’ అని రాసింది.

“రెండు దిక్కులా రెండేసి గుంపులు. సంఖ్య సరిపోయింది. పెద్దలు చెప్పింది నిజమే. కానీ గీ రేఖల దిక్కు ఒక్కతి కూసున్నది. ఎవ్వలు లేపినా లేవది. ఏ సౌష్ఠవం తీసుకున్నా ఈ రేఖ ఉన్నకాడనే ఉంటది. బిందువుల దిక్కు చూస్తే, అట్ల కదలకుంట కూసున్న బిందువు ఒక్కటి లేదు. అక్కడ ఎవ్వరికైనా ఇంకొకరి చోటికి పొయ్యే దారి ఉంది. ఇగ గుడ్డను తిప్పి ఇది అదే అంటే ఎట్ల కుదురుతది?”

“కంప్యూటర్ చెప్పింది కదా అని నమ్మేశావా?”

“లేదు సార్, చేత్తోని చేసిన.” చేసి చూపించింది. ఆ రేఖ కదిలిందంటే ఆ తలం, నాలుగింట్లో మొదటిదైన మామూలు తలమై తీరాలి. ఇది మామూలు తలం కాదు. కాబట్టి కదలదు. బోర్డులో సగం కూడా పట్టలేదు.

ప్రొఫెసర్ లేచాడు. ఆయన కుర్చీలోంచి లేవడం మేమెవరం అంతకుముందు చూడలేదు. సుద్దముక్క తీసుకుని సిద్ధాంతాన్ని బతికించడానికి ప్రయత్నించాడు. ఇంకో షరతు కలిపి చూశాడు. ఆమె పక్కనే నిలబడి చూస్తూ, ఆయన రాయడం ఆగాక మెల్లగా అంది, “సార్, ఆ షరతు పెడితే మనం నిరూపించాల్సిందాన్నే ముందు ఒప్పుకున్నట్టయితది.”

ఆయన తను రాసిన గీత వైపు చూశాడు. డస్టర్ తీసుకుని తనే తుడిచేశాడు. మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ తుడిచాడు. ఆ హాల్లో ఉన్న విద్యార్థుల్లో చాలామంది, అంత పెద్దాయన తన రాత తానే తుడుచుకోవడాన్ని మొదటిసారి చూసి ఉంటారు. అది కూడా వాళ్లకు ఆ రోజు దొరికిన పాఠమే.

“కూలింది, ఒప్పుకున్నాను,” అన్నాడు చివరికి. “ఏం మిగిలింది?”

“సిద్ధాంతం మిగల్లేదు సార్. ఒక ప్రశ్న మిగిలింది.”

“చెప్పు.”

“రెండు దిక్కులా గుంపుల సంఖ్య సమానమే అయినప్పుడు, పరిమాణాలు ఎంత దూరం జరగొచ్చు? ఆ తేడాను కొలిస్తే, ఆ కొలతతోని తలం ఏ రకమో పట్టుకోవచ్చా? గ్రాఫ్ చూసి రెండు దిక్కులా ఒక్కతీరుగున్నదా అని అడిగిన ఇన్నొద్దులు. ఎంత తేడా ఉన్నదని అడగాల్సింది.”

ఆయన కూర్చుని, నా వైపు తిరిగాడు. “గైడ్ గారూ, మీ విద్యార్థినికి సిద్ధాంతం పోయింది, సమస్య దొరికింది. సమస్య దొరక్కుండానే డాక్టర్లయిన వాళ్లు ఎంతమందో నాకు తెలుసు.” తర్వాత ఆమెతో, “ఈ థీసిస్ సమర్పించడానికి నేను ఒప్పుకోను. ఆ ప్రశ్న మీద రాయి. అది చదవడానికి నేనే వస్తాను,” అన్నాడు.

కథైతే ఇక్కడ చప్పట్లు కొట్టించి ముగించొచ్చు. జరిగింది మాత్రం వేరు. నోటిఫికేషన్ వచ్చింది. ఆమె దరఖాస్తు చేయలేకపోయింది. ఆమె తర్వాత చేరినవాళ్లు ఆర్డర్లు తీసుకుని వెళ్లి చేరారు. ఆమె అదే కాలేజీలో కాంట్రాక్టు మీదే ఉండిపోయింది. ఒకసారి కరీంనగర్ బస్టాండ్‌లో ఆమెను బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు, కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆమె స్నేహితురాలు స్వీట్ డబ్బాతో ఎదురైంది. ఈమె నవ్వుతూ ఒక ముక్క తీసుకుంది, కౌగిలించుకుంది. బస్సు కదిలాక కిటికీ పక్కన కూర్చుని ముఖం కొంగుతో కప్పుకోవడం నాకు కనిపించింది.

రెండోసారి గడువు పొడిగించడం నియమాల్లో లేదన్నారు. మా సహోద్యోగి ఆ నియమాల వెంట పడ్డాడు. ఎండలో, వానలో ఆఫీసుల్లో ఏ గది ముందు చూసినా ఆయనే కనిపించేవాడు. “ఎందుకింత తిప్పలు పడుతున్నవయ్యా?” అని నేనంటే, “నేను ఆ చాప్టర్ పెట్టెయ్యమన్న సార్. ఆమె పెట్టలే. ఇప్పుడు ఈ కాగితం కదలకపోతే నేను ఆమె ముంగటికెట్ల పోవాలె?” అన్నాడు. ప్రొఫెసర్ రాసిన సిఫార్సు ఒకటి తోడైంది. కాగితం కదిలింది.

ఆదిలాబాద్ కుర్రాడు కొన్నాళ్లు ఆమెకు ఫోన్ చేయలేదు. కోపం వచ్చిందేమో, రాకపోతేనే ఆశ్చర్యం. తర్వాత ఒకరోజు నేరుగా ఆమె కాలేజీకి వెళ్లి, “తాయి, నా అధ్యాయం కూలింది గానీ అందులో సగం నీ కొత్త ప్రశ్నకు పనికొస్తది, చూడు,” అన్నాడట. ఇద్దరూ వేరువేరు థీసిస్‌లు రాస్తూనే, వారానికోసారి ఫోన్‌లో ఒకే లెక్క మీద పోట్లాడుకునేవాళ్లు. ఆమె పోట్లాట నాకు తెలుసు. గొంతు పెరగదు. “ఎందుకు?” అని అడుగుతుంది, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది.

కొత్త థీసిస్ పాతదానికంటే సన్నగా ఉంది. పెద్ద సిద్ధాంతం లేదు. చిన్నవి కొన్ని ఉన్నాయి, ఒక్కోదాని కింద ఎక్కడివరకు నిజమో, ఎక్కడినుంచి తెలియదో స్పష్టంగా రాసి ఉంది. ఆ ‘తెలియదు’లు చదువుతుంటే నాకు ఎంత ధైర్యం కలిగిందో చెప్పలేను. గైడ్‌గా నేను చేసిన సంతకాల్లో అంత నిశ్చింతగా పెట్టినది ఇంకొకటి లేదు.

వైవాకు ప్రొఫెసర్ మాట ప్రకారం తనే వచ్చాడు. తల్లి వచ్చింది. ఈసారి దేవుడి దగ్గరికి ముందు వెళ్లలేదట. “అయినంకనే పోత సార్. పోయినసారి తొందరపడ్డ,” అంది నాతో. పెద్ద టిఫిన్ డబ్బాలో సకినాలు తెచ్చింది. ఆదిలాబాద్ కుర్రాడూ వచ్చాడు. ఆమె మాట్లాడింది, ప్రొఫెసర్ అడిగినవన్నీ అడిగాడు, ఆమెకు తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియదంది. డాక్టరేట్‌కు సిఫార్సు చేస్తున్నామని ప్రకటించారు. మా సహోద్యోగి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, చాయ్ సంగతి చూడ్డానికి బయటికి పరుగెత్తాడు.

హాలు ఖాళీ అవుతుంటే ఆదిలాబాద్ కుర్రాడు లేచి, “తాయి, ఒక అనుమానం,” అంటూ బోర్డు దగ్గరికి వెళ్లాడు. ఏదో గీశాడు. ఆమె దాన్ని చూసి తల గోక్కుంది. దండలు, శాలువా కుర్చీలో పెట్టేసి సుద్దముక్క అందుకుంది.

ప్రొఫెసర్ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. కింద కారు సిద్ధంగా ఉంది, డ్రైవర్ రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. గుమ్మంలో ఆగి ఆయన బోర్డు వైపు తిరిగి చూశాడు. తర్వాత సంచి నేలమీద పెట్టి, “ఆ రెండో గీత ఎక్కణ్నించి వచ్చింది?” అంటూ వెనక్కి వెళ్లిపోయాడు. ముగ్గురూ బోర్డుకు అడ్డంగా నిలబడ్డారు. ఏం రాస్తున్నారో మాకు కనిపించలేదు. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. “ఎందుకు?” అన్న మాటే ఎక్కువగా.

తల్లి డబ్బా ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. చాలాసేపు ఓపిక పట్టి, ఇక ఆగలేక నా వైపు వంగింది.

“సార్, అయిపోయిందన్నరు గదా. మరి ఇంకేం చేస్తుండ్రు?”

“పీహెచ్‌డీ అయిపోయిందమ్మా. లెక్క ఒడవలే.”

ఆమె బోర్డు వైపు ఇంకోసారి చూసింది. పిలిస్తే వచ్చే మనుషుల్లా కనిపించలేదేమో, డబ్బా మూత తీసి నా ముందుకు జరిపింది.

“గట్లయితే మనమన్న తిందాం పట్టుండ్రి.”